పాత సెంట్‌ఓఎస్ మీద కొత్త పోస్ట్‌గ్రెస్ లేవడం లేదు: ‘మెమరీ లేదు’ అంటోంది కానీ ర్యామ్ బోలెడు ఉంది. తప్పు ఎక్కడ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కోఠిలో ఒక మందుల హోల్‌సేల్ షాపు సర్వర్, సెంట్‌ఓఎస్ 7 (ఒక లినక్స్ ఓఎస్), దాని మీద ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్లిన డాకర్ 19.03 (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపేది). బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఓఎస్ ముట్టుకోవద్దంటున్నారు. రిపోర్టుల కోసం పక్కనే పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్ కంటైనర్ లేపబోతే, డేటా ఫోల్డర్‌ని మొదటిసారి సిద్ధం చేసే ఇనిట్‌డీబీ దగ్గరే ఆగిపోయింది. ‘పోపెన్ ఫెయిల్యూర్: కెనాట్ అలొకేట్ మెమరీ’ అని ఒక లైను, దాని కిందే ‘పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రామ్ ఇనిట్‌డీబీ ఉన్న ఫోల్డర్‌లో లేదు’ అనే అర్థంతో ఇంకో లైను. ర్యామ్ 32 జీబీ, అందులో 20 జీబీ ఖాళీ. ఒకాయన ప్రివిలేజ్డ్ మోడ్‌లో నడపమన్నాడు, ఇంకొకాయన ఎఫ్‌సింక్ (డేటా డిస్క్ మీదికి చేరిందని ఖాయం చేసుకునే కాల్) ఆఫ్ చేస్తే పోతుందన్నాడు.

ముందు సూటిగా జవాబు: అది మెమరీ సమస్య కాదు, ఫైలు లేకపోవడమూ కాదు. మీ పాత డాకర్ ఒక కొత్త సిస్టమ్ కాల్‌ని, అంటే ప్రోగ్రామ్ ఓఎస్ గుండె అయిన కెర్నల్‌ని అడిగే పనిని, తప్పుగా అడ్డుకుంటోంది. డాకర్‌ని 20.10.10 గానీ ఆ పైది గానీ చేయండి, దాంతోపాటు దాని కింద కంటైనర్లని నడిపే కంటైనర్‌డీ, రన్‌సీ కూడా కొత్తవి పెట్టండి. ఓఎస్ ముట్టుకోనక్కర్లేదు, బిల్లింగ్ వాళ్లకి చెప్పే పని కూడా లేదు. ఈ రాత్రికే నడిచి తీరాలంటే డెబియన్ 11 (ఇంకో లినక్స్) మీద కట్టిన పాత ఇమేజ్ (కంటైనర్‌ని లేపే మూస), అంటే పేరు చివర బుల్స్‌ఐ అని ఉండేది తీసుకోండి, లేస్తుంది. దానికో మెలిక ఉంది, కింద చెప్తాను. ప్రివిలేజ్డ్ వద్దు. ఎఫ్‌సింక్ జోలికి అసలు వెళ్లొద్దు, దానికీ మీ సమస్యకీ ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఇది ఒక్క పోస్ట్‌గ్రెస్‌తో పోయే గొడవ కాదు. పాత ఓఎస్‌లు పట్టుకుని వేలాడే మాలాంటి వాళ్లకి ఇది ఏదో ఒక వేషంలో ఏడాదికి రెండుసార్లు ఎదురవుతూనే ఉంటుంది.

డెబియన్ 12 ఇమేజ్‌లో జీలిబ్‌సీ (ప్రోగ్రాముల తరఫున కెర్నల్‌తో మాట్లాడే లైబ్రరీ) 2.36 ఉంటుంది. జీలిబ్‌సీ 2.34 నుంచి కొత్త థ్రెడ్ గానీ, ఇంకో ప్రోగ్రామ్‌ని పిలిచే పోపెన్ లాంటి వాటితో కొత్త ప్రాసెస్ గానీ పుట్టించాలంటే అది ముందు క్లోన్3 అనే కాల్‌ని అడుగుతుంది. ఆ కాల్ 2019లో కెర్నల్ 5.3తో వచ్చింది. మీ సెంట్‌ఓఎస్ 7 కెర్నల్ 3.10, దానికి క్లోన్3 అంటే ఏంటో తెలియదు. తెలియకపోవడం వల్ల ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే కెర్నల్ ‘అలాంటి కాల్ నా దగ్గర లేదు’ అని ఈనోసిస్ ఎర్రర్ ఇస్తే జీలిబ్‌సీ మారు మాట్లాడకుండా పాత క్లోన్ కాల్‌కి వెళ్లిపోతుంది. అసలు చిక్కు ఏంటంటే ఆ ప్రశ్న మీ కెర్నల్ దాకా చేరడం లేదు. మధ్యలో డాకర్ పెట్టిన సెక్‌కాంప్ ఫిల్టర్ ఉంది. దాని లిస్టులో లేని ఏ కాల్ వచ్చినా అది ‘నీకు పర్మిషన్ లేదు’ అని ఈపెర్మ్ ఇచ్చి తిప్పి పంపిస్తుంది.

ఈ రెండు జవాబుల మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ మొత్తం కథ అక్కడే ఉంది. బేగంబజార్‌లో ఒక షాపుకెళ్లి సరుకు అడిగారనుకోండి. ‘మా దగ్గర లేదన్నా’ అంటే పక్క షాపుకి పోతారు. ‘ఉంది, కానీ నీకు ఇవ్వను’ అంటే? పక్క షాపుకి పోవాలన్న ఆలోచనే రాదు, మొహం మాడ్చుకుని ఇంటికొస్తారు. జీలిబ్‌సీ కూడా అంతే. ఈనోసిస్ వస్తే ఇంకో దారి వెతుక్కుంటుంది. ఈపెర్మ్ వస్తే ఎవరో కావాలనే ఆపారని నమ్మి చేతులెత్తేస్తుంది. ఆ ఓటమి పోపెన్ దాకా, అక్కడి నుంచి ఇనిట్‌డీబీ దాకా పాకేసరికి ‘మెమరీ లేదు’ అయి కూర్చుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటారే, అదీ సంగతి. ఆ రెండో లైను, ప్రోగ్రామ్ దొరకలేదన్నది, ఇంకా అన్యాయం. ప్రోగ్రామ్ అక్కడే ఉంది, దాన్ని పిలిచి వెర్షన్ అడగడం కుదరక లేదనేసింది.

2021 అక్టోబర్‌లో వచ్చిన డాకర్ 20.10.10లో దీన్ని సరిచేశారు. డిఫాల్ట్ సెక్‌కాంప్ లిస్టులో క్లోన్3కి ఈపెర్మ్ బదులు ఈనోసిస్ ఇచ్చేలా పెట్టారు. అందుకే మీకు అప్‌గ్రేడ్ అంటున్నాను. ఇదే రోగం మరియాడీబీ అనే ఇంకో డేటాబేస్ కొత్త ఇమేజ్‌లో అయితే ‘కాంట్ ఇనిషియలైజ్ టైమర్స్’ అని కనిపిస్తుంది. టైమర్లకీ దీనికీ ఏమిటి సంబంధం అని నేను ఒక పూట బుర్ర బద్దలు కొట్టుకున్నాను, చివరికి చూస్తే అక్కడ ఆగిపోయింది కూడా థ్రెడ్ పుట్టించడమే.

నా మాట నమ్మకండి, మీరే చూసుకోండి. రెండు పద్ధతులున్నాయి.

మొదటిది ఐదు నిమిషాల పని. అదే ఇమేజ్‌ని, ఖాళీ డేటా ఫోల్డర్‌తో, సెక్యూరిటీ ఆప్షన్‌లో సెక్‌కాంప్ అన్‌కన్‌ఫైన్డ్ అని ఇచ్చి ఒక్కసారి నడపండి. లేచిందంటే దొంగ దొరికినట్టే, మధ్యలో ఫిల్టరే ఆపుతోంది. చూసుకుని వెంటనే ఆపేయండి. అలాగే వదిలేయకండి, నేను ఎన్ని చోట్ల చూశానో, ‘టెస్టింగ్ కోసం’ అని పెట్టింది మూడేళ్లు ప్రొడక్షన్‌లో నడుస్తూ ఉంటుంది. సెంట్‌ఓఎస్ 7కి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. అంటే కెర్నల్‌లో కొత్తగా బయటపడే కన్నాలను పూడ్చేవాడు లేడు. అలాంటి ఇంటికి ఉన్న ఒక్క తలుపూ పీకేస్తారా? ప్రివిలేజ్డ్ అంటే ఇంకా దారుణం. సెక్‌కాంప్ ఒక్కటే కాదు, హోస్ట్ డివైజ్‌లన్నీ కంటైనర్ చేతికి ఇచ్చేస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

రెండోది ఎస్‌ట్రేస్, అంటే ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ని రాసి చూపే పనిముట్టు. హోస్ట్ మీద నుంచి కంటైనర్ ప్రాసెస్‌కి తగిలించి, పిల్ల ప్రాసెస్‌లని కూడా వెంబడించే మైనస్ ఎఫ్ ఆప్షన్ ఇచ్చి, అవుట్‌పుట్ ఫైల్లోకి తీసుకోండి. తర్వాత ఆ ఫైల్లో ఈనోసిస్, ఈపెర్మ్, ఈఇన్వాల్ (ఇచ్చిన విలువ చెల్లదు) ఈ మూడు మాటలే వెతకండి. పాత ఎస్‌ట్రేస్‌కి కొత్త కాల్స్ పేర్లు తెలియవు, కాబట్టి పేరు ఉండాల్సిన చోట ఒట్టి నంబరు వేస్తుంది. మీకు కనిపించబోయేది 435, కొన్ని వెర్షన్లలో హెక్స్‌లో 1బీ3. అదే క్లోన్3. నేను గోడ మీద అతికించుకున్న చిట్టీలో ఇంకొన్ని ఉన్నాయి: 318 గెట్‌ర్యాండమ్, 326 కాపీ ఫైల్ రేంజ్, 332 స్టాట్‌ఎక్స్, 425 ఐఓ యూరింగ్ సెటప్, 439 ఎఫ్‌యాక్సెస్‌యాట్2. ఇవి 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషిన్ల నంబర్లు. నంబరు దొరికితే అది ఏ కెర్నల్‌లో వచ్చిందో చూసుకోవడం తేలిక, అక్కడి నుంచి కథ మొత్తం అర్థమైపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కెర్నల్ వెర్షన్ చూపే యూనేమ్ కొట్టి 3.10 అని చూసి ‘అయితే 3.10లో లేనివేవీ ఇందులో ఉండవు’ అనుకోకండి. రెడ్ హ్యాట్ వాళ్లు పైనుంచి చాలా వెనక్కి తెచ్చి కలిపారు. ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అసలు కెర్నల్‌లోకి వచ్చింది 3.18లో, కానీ మీ సెంట్‌ఓఎస్ 7లో డాకర్ నడుస్తోంది దాని మీదే. కాబట్టి వెర్షన్ నంబరు చూసి తీర్పు చెప్పకూడదు, కాల్ చేసి చూడాలి, ఏం జవాబొచ్చిందో చూడాలి.

అప్‌గ్రేడ్ చేసేటప్పుడు మీకు ఎదురయ్యే మొదటి అడ్డంకి కూడా ముందే చెప్తున్నాను. ప్యాకేజీలు దించే యమ్ కమాండ్ కొట్టగానే మిర్రర్ లిస్టు దొరకలేదంటుంది. సెంట్‌ఓఎస్ 7 ప్యాకేజీలన్నీ వాల్ట్ సర్వర్‌కి మారిపోయాయి, రెపో ఫైళ్లలో అడ్రసు మార్చాలి. డాకర్ వాళ్ల రెపో వేరు, అది వేరుగా చూసుకోండి. డాకర్ అప్‌గ్రేడ్ అయితే ఉన్న కంటైనర్లు ఆగి లేస్తాయి, కాబట్టి షాపు షట్టర్ దించాక చేయండి. బిల్లింగ్ డేటా బ్యాకప్ తీయకుండా మొదలుపెట్టకండి. మందుల షాపు వాళ్లకి పొద్దున్నే స్టాక్ కనిపించకపోతే వాళ్ల కేకలు కోఠి నుంచి కూకట్‌పల్లిలో మా ఇంటి దాకా వినిపిస్తాయి.

పాత ఇమేజ్ మెలిక ఏంటంటే, డెబియన్ 11లో జీలిబ్‌సీ 2.31, 12లో 2.36. ఇవాళ బుల్స్‌ఐ మీద డేటా పెట్టి, ఆరునెలల తర్వాత అదే డేటా ఫోల్డర్‌ని బుక్‌వర్మ్ (డెబియన్ 12) ఇమేజ్‌కి తగిలిస్తే పోస్ట్‌గ్రెస్ ‘కోలేషన్ వెర్షన్ సరిపోలడం లేదు’ అని వార్నింగ్ ఇస్తుంది. అక్షరాల వరుస జీలిబ్‌సీ చేతిలో ఉంటుంది, వరుస మారితే పాత ఇండెక్స్‌లు తప్పు చెప్తాయి. కాబట్టి ఆ వార్నింగ్ వస్తే టెక్స్ట్ కాలమ్స్ ఇండెక్స్‌లన్నీ రీఇండెక్స్ చేసి, ఆ తర్వాతే కోలేషన్ వెర్షన్ రిఫ్రెష్ చేయండి. రిఫ్రెష్ ముందు చేస్తే వార్నింగ్ పోతుంది, తప్పు అలాగే ఉంటుంది. సెంట్‌ఓఎస్ 7 నుంచి 8 తరానికి డేటా ఫైళ్లు నేరుగా మోసుకెళ్లిన వాళ్లు దీని దెబ్బ గట్టిగా తిన్నారు, ఎందుకంటే జీలిబ్‌సీ 2.28లో వరుస బాగా మారింది. డంప్ తీసి రీస్టోర్ చేస్తే ఈ గొడవే ఉండదు. అల్పైన్ అనే ఇంకో లినక్స్ మీద కట్టిన ఇమేజ్ ‘చిన్నగా ఉంది’ అని మధ్యలో మార్చేవాళ్లూ ఉన్నారు. అందులో జీలిబ్‌సీయే లేదు, దాని బదులు మజిల్ అనే లైబ్రరీ ఉంటుంది. ఒకే డేటా ఫోల్డర్‌ని ఆ రెండింటి మధ్య తిప్పకండి.

సరే, మీ పని వరకు ఇంతే. కానీ మీరు చివర్లో ‘అసలు పాత ఓఎస్ మీద ఇలాంటివి వస్తే ఎలా ఆలోచించాలి’ అని అడిగారు కాబట్టి కొంచెం రాస్తాను.

నేను చూసుకునే మొదటి ప్రశ్న ఒకటే: ‘కుదరదు’ అన్నది ఎవరు? కెర్నలా, జీలిబ్‌సీనా, కంటైనర్ ఫిల్టరా, ఫైల్ సిస్టమా? ‘కెర్నల్ టూ ఓల్డ్’ అని వచ్చి చచ్చిపోతే ఆ మాట అన్నది జీలిబ్‌సీ. 2.26 నుంచి దానికి కనీసం 3.2 కెర్నల్ కావాలి, సెంట్‌ఓఎస్ 6 దగ్గర ఉన్నది 2.6.32. అక్కడ ఏ ఆప్షన్ మార్చినా లాభం లేదు, పాత ఇమేజ్ తప్ప దారి లేదు. ‘జీలిబ్‌సీ ఫలానా వెర్షన్ నాట్ ఫౌండ్’ అంటే సిస్టమ్ కాల్‌కి సంబంధమే లేదు, మీరు వేరే ఓఎస్ కోసం కట్టిన బైనరీ తెచ్చి పెట్టారు. దానికి బలవంతంగా సిస్టమ్ జీలిబ్‌సీ మార్చబోయి ఎల్‌ఎస్ కమాండ్ కూడా నడవని స్థితికి తెచ్చుకున్న కుర్రాడొకడు అమీర్‌పేటలో మా పక్క ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేవాడు. ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని వస్తే అది ప్రాసెసర్ సమస్య. మోంగోడీబీ 5.0 డేటాబేస్‌కి ఏవీఎక్స్ అనే ఇన్‌స్ట్రక్షన్లు లేని పాత సీపీయూ ఇస్తే అదే జరుగుతుంది, ఓఎస్ ఎన్నిసార్లు మార్చినా పోదు. ఇక డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ పెద్ద క్వెరీ నడిపేటప్పుడు ‘షేర్డ్ మెమరీ సెగ్మెంట్ పెంచలేకపోయాను, డివైజ్‌లో చోటు లేదు’ అంటే కంగారు పడకండి. కంటైనర్‌కి డిఫాల్ట్‌గా ఇచ్చే షేర్డ్ మెమరీ 64 ఎంబీ మాత్రమే, షమ్ సైజ్ పెంచితే పోతుంది. మీ రిపోర్టులకి ఇది రేపో ఎల్లుండో తప్పకుండా వస్తుంది, ఇప్పుడే ఒక జీబీ ఇచ్చేయండి.

రెండో ప్రశ్న: ఆ కాల్ దేనికి, వేగానికా, డేటా భద్రతకా? నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నదంతా ఈ ఒక్క గీత దగ్గరే. వేగం కోసం వాడే కాల్ పనిచేయకపోతే దాన్ని కాన్ఫిగ్‌లో ఆపేయండి, కొంచెం నెమ్మదిస్తుంది, కొంపేం మునగదు. డేటా డిస్క్ మీదికి చేరిందని హామీ ఇచ్చే కాల్ పనిచేయకపోతే ఆ మెషిన్ మీద డేటాబేస్ నడపకండి. మధ్యేమార్గం లేదు.

వేగం వైపు ఉదాహరణ చెప్తాను. 2019లో అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌కి పోస్ట్‌గ్రెస్ చెప్పేవాడిని. పిల్లల ల్యాప్‌టాప్‌లలో విండోస్, దాని మీద లినక్స్ సబ్‌సిస్టమ్ మొదటి వెర్షన్. అప్పటిదాకా లాగ్ నిండా ‘కుడ్ నాట్ ఫ్లష్ డర్టీ డేటా: ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్’ అని వార్నింగులు పడేవి, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఫిబ్రవరిలో 11.2కి మారాక అదే మెసేజ్ ప్యానిక్ అయింది, సర్వరే పడిపోవడం మొదలైంది. ఇరవై ఇద్దరు పిల్లలు, ఇరవై రెండు ల్యాప్‌టాప్‌లు, ‘సార్ నాది కూడా పోయింది’ అని అన్ని మూలల నుంచీ కేకలు. ఆ సబ్‌సిస్టమ్‌లో సింక్ ఫైల్ రేంజ్ అనే కాల్ లేదు. అది డేటాని ముందుగా కొంచెం కొంచెం డిస్క్ వైపు తోసే సహాయం మాత్రమే, అసలు హామీ తర్వాత వచ్చే ఎఫ్‌సింక్‌ది. అందుకే నిర్భయంగా చెక్‌పాయింట్_ఫ్లష్_ఆఫ్టర్, బీజీరైటర్_ఫ్లష్_ఆఫ్టర్ రెండూ సున్నా చేయించాను. క్లాసు నడిచింది. ఆ మే నెలలో వచ్చిన 11.3లో వాళ్లే సర్దారు. ఆ కాల్ ‘లేదు’ అంటే దాన్ని ప్రాణాపాయంగా చూడనక్కర్లేదని తేల్చారు.

ఇలాంటి మీటలు ఇంకా ఉన్నాయి. ఎఫెక్టివ్_ఐఓ_కంకరెన్సీ సున్నా చేస్తే ముందుగా చదివించే ఫ్యాడ్వైజ్ కాల్స్ ఆగుతాయి. డైనమిక్_షేర్డ్_మెమరీ_టైప్‌లో పోసిక్స్ బదులు సిస్‌వీ పెట్టుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఐఓ సెటప్ ఫెయిల్ అంటే ముందు కెర్నల్‌లో ఏఐఓ (ఆగి ఎదురుచూడకుండా డిస్క్ చదివి రాసే పద్ధతి) పరిమితి పెంచి చూడండి, డిఫాల్ట్ 65536 ఉంటుంది, ఒకే హోస్ట్ మీద చాలా మైఎస్‌క్యూఎల్‌లు పెడితే అయిపోతుంది. అదీ కుదరకపోతే ఇన్నోడీబీ_యూజ్_నేటివ్_ఏఐఓ ఆపేయండి. పోస్ట్‌గ్రెస్ 18కి వెళ్తే ఐఓ యూరింగ్ (అలాంటిదే, ఇంకా కొత్త పద్ధతి) వాడాలన్న ఉబలాటం వస్తుంది. దానికి కెర్నల్ 5.1 అయినా కావాలి, పైగా కొత్త డాకర్ దాన్ని కావాలనే అడ్డుకుంటుంది. ఐఓ_మెథడ్ డిఫాల్ట్‌గా వర్కర్ అని ఉంటుంది, అలాగే ఉంచండి.

భద్రత వైపు ఉదాహరణ మాత్రం నా సొంత తప్పు, చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. 2016, ఒక క్లయింట్ దగ్గర, పేరొద్దు, సెంట్‌ఓఎస్ 6 మీద పోస్ట్‌గ్రెస్ 9.4. కింద స్టోరేజ్ వాళ్లు ఉన్నదానికంటే ఎక్కువ చోటు ఉన్నట్టు చూపించే పద్ధతిలో డిస్క్ ఇచ్చారు. ఒక సాయంత్రం అసలు చోటు నిండిపోయింది. లాగ్‌లో ‘కుడ్ నాట్ ఎఫ్‌సింక్ ఫైల్’, చివర ‘ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్’. నేను స్టోరేజ్ వాళ్లకి ఫోన్ చేశాను, వాళ్లు చోటు పెంచారు, తర్వాతి చెక్‌పాయింట్ (మార్పులన్నీ డిస్క్ మీదికి దించే దశ) ఏ ఎర్రరూ లేకుండా పూర్తయింది. హమ్మయ్య అనుకుని కిందికెళ్లి ఉస్మానియా బిస్కెట్, చాయ్ తీసుకుని ఇంటికి పోయాను. పన్నెండు రోజుల తర్వాత అకౌంట్స్‌లో పెద్దాయన ఫోన్ చేశారు: ‘ఏమయ్యా, రసీదు నంబరు కొట్టి వెతికితే రావట్లేదు, ఆ రోజు లిస్టు మొత్తం తీస్తే మాత్రం కనిపిస్తోంది, ఇదేం వింత?’

వింతేం కాదు. ఆ సాయంత్రం ఎఫ్‌సింక్ ఫెయిల్ అయినప్పుడు కెర్నల్ ఆ పేజీలని ‘రాసేశాను’ అని గుర్తు పెట్టుకుని వదిలేసింది. పోస్ట్‌గ్రెస్ మళ్లీ ఎఫ్‌సింక్ అడిగితే రాయడానికి ఇంకేం మిగలలేదు కాబట్టి విజయం అని చెప్పింది. చెక్‌పాయింట్ అయిపోయింది కాబట్టి ఆ మార్పులున్న వాల్ ఫైళ్లూ (పోస్ట్‌గ్రెస్ ముందుగా రాసుకునే మార్పుల చిట్టా) రీసైకిల్ అయిపోయాయి. ఇండెక్స్‌లో కొన్ని పేజీలు పాతవే మిగిలాయి, టేబుల్ మాత్రం కొత్తది. అదృష్టం కొద్దీ రెప్లికా, అంటే డేటాబేస్ నకలు, వేరే డిస్క్ మీద ఉంది, దాన్నే ప్రైమరీ చేసి బయటపడ్డాం. లేకపోతే నేను ఇవాళ ఈ జవాబు రాస్తూ ఉండేవాడిని కాదు, నాంపల్లి స్టేషన్ బయట ఏదో అమ్ముకుంటూ ఉండేవాడిని.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని 2018లో తెలిసింది. పోస్ట్‌గ్రెస్ డెవలపర్లు ఇదే విషయం తవ్వి, ఎఫ్‌సింక్‌ని రెండోసారి అడగడం అర్థం లేని పని అని తేల్చుకున్నారు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన 11.2, 10.7, 9.6.12, 9.5.16, 9.4.21 నుంచి ఎఫ్‌సింక్ ఫెయిలైతే పోస్ట్‌గ్రెస్ ప్యానిక్ అయి పడిపోతుంది, మళ్లీ లేచి వాల్ నుంచి ఆ మార్పులన్నీ తిరిగి రాసుకుంటుంది. డేటా_సింక్_రీట్రై అని ఒక సెట్టింగ్ ఉంది, అది ఆఫ్‌లోనే ఉండాలి. ‘ప్యానిక్ వస్తోంది, ఆన్ చేస్తే పోయింది’ అని ఎవరైనా చెప్తే వాళ్ల సలహా ఇంకెప్పుడూ తీసుకోకండి. కెర్నల్ వైపు కూడా 4.13లో పరిస్థితి మెరుగైంది, ఎర్రర్‌ని ఫైల్ తెరిచి ఉంచిన ప్రతి ప్రాసెస్‌కీ ఒకసారైనా చెప్తుంది. మీ 3.10 దానికి ముందుది. కాబట్టి మీ దగ్గర ఎఫ్‌సింక్ ఎర్రర్ వస్తే ప్యానిక్‌ని పడనివ్వండి, డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూడండి, డిస్క్ చూడండి, ఆ తర్వాతే లేపండి. రికవరీకి ఒక సెట్టింగ్ కూడా ఉంది, రికవరీ_ఇనిట్_సింక్_మెథడ్. అందులో సింక్‌ఎఫ్‌ఎస్ వేగమైనదే, కానీ 5.8 కంటే పాత కెర్నల్ ఎర్రర్లు మింగేయొచ్చు. మీరు ఎఫ్‌సింక్ అనే ఉంచండి.

మీకు ‘ఎఫ్‌సింక్ ఆఫ్ చెయ్’ అన్నాయనకి ఇదంతా చూపించండి. నెట్‌లో ఈట్‌మైడేటా అని ఒక లైబ్రరీ కూడా ఉంది, ఎఫ్‌సింక్‌ని దారిలోనే మింగేస్తుంది. టెస్టులు వేగంగా పరిగెత్తించడానికి చేసింది, పేరులోనే నిజం చెప్పేశారు పాపం. ఎల్‌డీ_ప్రీలోడ్‌తో ఏదో ఒక కాల్‌ని పక్కదారి పట్టించడం తప్పని నేననను, గెట్‌ర్యాండమ్ లేని పాత మెషిన్‌లో యూర్యాండమ్ నుంచి చదివి ఇచ్చే పది లైన్ల షిమ్ నేనూ రాశాను. సింక్ అనే మాట ఉన్న కాల్ మీద మాత్రం చెయ్యి వేయను.

లేచాక ఎఫ్‌సింక్ వేగం కొలిచే పీజీ_టెస్ట్_ఎఫ్‌సింక్ ఒకసారి నడపండి, డేటా ఉండబోయే డిస్క్ మీదే. 7200 ఆర్‌పీఎం మామూలు హార్డ్ డిస్క్ సెకనుకి 120 సార్లు తిరుగుతుంది. దాని మీద సెకనుకి నాలుగు వేల ఎఫ్‌సింక్‌లు చూపిస్తోందంటే సంతోషించకండి, మధ్యలో ఎవరో రాయకుండానే రాశానంటున్నారు. బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డు అయితే సరే, లేకపోతే డిస్క్ క్యాష్ అబద్ధమాడుతోంది. ఎస్‌ఎస్‌డీలకి ఈ లెక్క వర్తించదు.

ఇంకో చిన్న విషయం, ఇది ఉల్టా కేసు. రేపు ఎప్పుడైనా బిల్లింగ్ వాళ్లు కరుణించి హోస్ట్‌ని కొత్తది చేసి, ‘మా పాత డేటాబేస్‌ని కంటైనర్‌లో పెట్టండి’ అంటే అప్పుడు గుర్తుంచుకోండి. బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్‌కి అటెండెన్స్ సాఫ్ట్‌వేర్ అలాగే తరలించాను, సెంట్‌ఓఎస్ 6 కంటైనర్‌లో మైఎస్‌క్యూఎల్ 5.1. స్టార్ట్ కొట్టగానే 139 కోడ్‌తో చచ్చిపోయేది, లాగ్‌లో ఒక్క అక్షరం లేదు. 139 అంటే 128కి 11 కలిపితే వచ్చేది, సెగ్మెంటేషన్ ఫాల్ట్. హోస్ట్ డీమెసేజ్‌లో మాత్రం విసిస్కాల్ నన్ అనే మాట ఉంది. పాత జీలిబ్‌సీ టైమ్ అడగడానికి విసిస్కాల్ అనే పాత దారి వాడుతుంది, కొత్త కెర్నళ్లు చాలా చోట్ల ఆ దారి మూసేశాయి. బూట్ పారామీటర్‌లో విసిస్కాల్‌ని ఎమ్యులేట్ అని పెట్టి రీబూట్ చేస్తే లేచింది. ఆ రోజు పంచ్ పడని పదిమందికి హెచ్ఆర్ వాళ్లు హాఫ్ డే కట్ చేశారు, దానికీ నన్నే తిట్టారు.

మీరు అప్‌గ్రేడ్ చేశాక కూడా ఇనిట్‌డీబీ పడిపోతే మూడు పెట్టండి: డాకర్ వెర్షన్‌లో కనిపించే రన్‌సీ నంబరు, ఎస్‌ట్రేస్‌లో ఈపెర్మ్ వచ్చిన మొదటి లైను, డేటా ఫోల్డర్ ఏ ఫైల్ సిస్టమ్ మీద ఉందో. చాలామంది డాకర్ మార్చి కంటైనర్‌డీ పాతదే ఉంచుతారు, నేను మొదట అదే చూస్తాను. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటాను.